ఇరకం పోయే పడవ

సభకు నమస్కారం.

నెల్లూరులో నిలబడి, పులికాట్ సరస్సులో ఉన్న మా దీవి ఇరకం గురించి మాట్లాడితే, అది ఇప్పుడు తిరుపతి జిల్లా కదా అని ఎవరో ఒకరు గుర్తుచేస్తారు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు తడ మండలం అటు పోయింది, నిజమే. మా ఇళ్లలో చేపల పులుసు మాత్రం ఇంకా నెల్లూరు పులుసే. ఆ చుట్టరికంతోనే మీరు నన్ను పిలిచారనుకుంటున్నా.

సెలవు దొరికితే సొంతూరికి పోవడం అందరికీ ఉన్నదే. దీవిలో పుట్టినవాడికి మాత్రం ఆ ప్రయాణంలో ఒకచోట ఆగక తప్పదు. తడలో బస్సు దిగి భీమునివారిపాలెం రేవుకు చేరేదాకా వాడూ అందరిలాంటి ప్రయాణికుడే. రేవులో వాడి తొందర చెల్లదు. పడవ నిండాలి, గాలి ఒప్పుకోవాలి. పండగ ముందు రోజుల్లో ఆ పడవ చూడాలి మీరు. బియ్యం మూటలు, గ్యాస్ బండ, కొత్త బట్టల సంచులు, రొయ్యలు అమ్ముకుని ఖాళీగా తిరిగొచ్చే ఐసు పెట్టెలు, వాటి సందుల్లో కాళ్లు ముడుచుకుని మేము.

పడవ కదిలీ కదలకముందే విచారణ మొదలవుతుంది. "ఏం అబ్బయా, ఇంత సిక్కిపోయినావే? ఆడ తిండి పెట్టరా?" అని ఒక అత్త. "జీతం పెంచారా లేదా?" అని ఇంకో మామ. "మీయమ్మ పొద్దున్నుంచీ పీతలు పెట్టుకోని కూసోనుంది" అని వెనకనుంచి ఎవరో. జవాబు చెప్పకుండా తప్పించుకుందామంటే చుట్టూ నీళ్లు. దీవి చేరేలోపు నా జీతమెంతో, సంచిలో ఏముందో ఊరందరికీ తెలిసిపోతుంది. పట్నంలో ఏడాదంతా నన్ను పట్టించుకుని ఇన్ని ప్రశ్నలడిగిన మనిషి లేడు. నా సంతోషం అక్కడే మొదలవుతుంది.

పులికాట్ అంటే చిలికా తర్వాత దేశంలో రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు. పేరుకే అంత పెద్దది, చాలాచోట్ల నడుంలోతే. ఈశాన్య రుతుపవనాల వానలకు కాళంగి, స్వర్ణముఖి నీళ్లు తెస్తాయి. ఎండాకాలంలో నీళ్లు ఇగిరిపోతాయి. సముద్రపు నీరు లోపలికొచ్చే ముఖద్వారాలు ఇసుకతో పూడిపోతుంటే సరస్సు ఇంకా చిక్కిపోతుంది. సంక్రాంతి దాటి నీళ్లు తగ్గేకొద్దీ రాజహంసలకు, అదే ఫ్లెమింగోలకు, పండగ. బురదలో ముక్కు తలకిందులుగా పెట్టి మేస్తాయి. వాటిని చూడ్డానికి మీరంతా సూళ్లూరుపేట వస్తారు, ఫొటోలు తీసుకుంటారు. వాటికి అనువైన ఆ లోతులోనే మా పడవ అడుగు నేలకు తగులుతుంది. అప్పుడు ఇంజను ఆపి గెడ వేస్తారు, వయసు కుర్రాళ్లు దిగి తోస్తారు. ఉద్యోగం ఏదైనా సరే, ప్యాంటు మోకాళ్లపైకి మడిచి, చెప్పులు చేతబట్టి ఆ బురదలో దిగాల్సిందే. వేళ్ల సందుల్లోంచి జారే ఆ నల్లటి బురద తగిలితే ఇల్లొచ్చేసినట్టే నాకు.

ఇదంతా చెబుతుంటే మీ ముఖాల్లో ముచ్చట కనిపిస్తోంది. కొంచెం ఆగండి. ఈ సంతోషం వలసపోయి తిరిగొచ్చేవాళ్లది. అక్కడే బతికేవాళ్లను అడిగితే వేరే మాట చెబుతారు. నొప్పులు మొదలైన ఆడమనిషికీ, పాము కరిచిన పిల్లవాడికీ ఆ పడవ ముచ్చటగా ఉండదు. ఎన్నికలొస్తే ఓటింగ్ యంత్రాలు పడవెక్కి మా దగ్గరకొస్తాయి, తతిమ్మా రోజుల్లో అన్నిటికీ మేమే పడవెక్కి పోవాలి. సరస్సుకు అవతల శ్రీహరికోట. 2023 జులై 14న అక్కడినుంచే చంద్రయాన్-3 చందమామ దాకా బయల్దేరింది. రాకెట్ లేచినప్పుడు మావాళ్లు ఒడ్డున చేరతారు, ముందు మంట కనిపిస్తుంది, కాస్త ఆగి చప్పుడొస్తుంది. పిల్లలు కేరింతలు కొడతారు. పెద్దవాళ్లు కూడా చప్పట్లు కొట్టి, మా దీవికి వంతెన సంగతి ఎత్తుకుంటారు.

నేను వాళ్ల పక్షమే. వంతెన పడాలి. పడితే నాకు ఆ పడవ, ఆ విచారణ పోతాయి. పోనీండి. నా పండగ ముచ్చట కోసం ఇంకొకరి నొప్పులు రేవులో కాచుకోవాలనడం అన్యాయం.

వచ్చే సంక్రాంతికి మాత్రం పడవే గతి. మీలో రావాలనుకునేవాళ్లు పొద్దున్నే రేవుకు చేరండి, మధ్యాహ్నం దాటితే సముద్రపు గాలి ఎదురు కొడుతుంది. తాగే నీళ్లు తెచ్చుకోండి. పడవలో మీ జీతం అడుగుతారు, నొచ్చుకోకండి.