చివరి మూడు హోల్స్: ఈసారి లెక్క బాబాయి గారికి అప్పగించేశా

నమస్తే అండీ అందరికీ, చాండ్లర్ నుంచి. వీడియో మొదట్లో కనిపిస్తున్న చేయి నాదే, గ్లవ్ తీసేసి తువ్వాలుతో అరచేయి తుడుచుకుంటున్నా. నవంబర్ మొదటి వారం, పొద్దున పదిన్నర, అరిజోనాలో ఇంతకంటే హాయైన వాతావరణం ఉండదు, అయినా చేయి తడిసిపోతోంది. గోల్ఫ్ ఆటలో 18 హోల్స్‌కి 15 అయిపోయాయి, ఇంకా మూడే ఉన్నాయి, అదీ సంగతి.

గోల్ఫ్ ఆడని వాళ్ల కోసం చెప్తున్నా, మా సిటీ కోర్సు పార్ 72, అంటే బాగా ఆడేవాళ్లు 18 హోల్స్‌నీ 72 షాట్లలో ముగిస్తారు. మూడేళ్ల కిందట మొదలుపెట్టిన నాలాంటి వాళ్లకి 100 లోపు వస్తే పండగే. నాకు ఎప్పుడూ రాలేదు.

దగ్గరిదాకా మాత్రం వచ్చా. మొన్న మార్చిలో 15 హోల్స్‌కి 80 మీద ఉన్నా. 16వ హోల్ టీ దగ్గర, అంటే మొదటి షాట్ కొట్టే చోట నిలబడి మనసులో లెక్క వేశా: మూడు హోల్స్‌లో 19 కొట్టినా 99, పార్ చూస్తే 12 మాత్రమే, ఏడు షాట్లు వృథా అయినా నాకేం కాదు. ఆ లెక్క వేసిన క్షణం నుంచి బంతి కనపడలేదండీ, 99 అనే అంకె ఒక్కటే కనపడింది, మా ఆయనకి ఫోన్ చేసి ఏం చెప్పాలో కూడా అనేసుకున్నా. 16లో 6. 17లో రెండు బంతులు నీళ్లపాలై 8. 18లో 9. మొత్తం 103. నోటికాడి ముద్ద జారిపోయినట్టు అయింది, ఇంటికొచ్చి రెండు రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు.

అప్పుడే నాకు గోల్ఫర్ సాహిత్ తీగల గుర్తొచ్చాడు. మన తెలుగు కుర్రాడే, అమ్మానాన్నలది హైదరాబాద్, తను పెరిగింది కాలిఫోర్నియాలో. 2022 ఫిబ్రవరిలో ఇక్కడే స్కాట్స్‌డేల్‌లో ఫీనిక్స్ ఓపెన్ ఆడాడు, మూడు రోజులయ్యేసరికి అతనే ముందున్నాడు. ఆఖరి రోజు 17వ హోల్ దగ్గర మా కాలనీ తెలుగు వాళ్లం ఓ పదిమందిమి ఉన్నాం. కొట్టిన షాట్ మంచిదే, కానీ బంతి నేల మీద పడి ఎడమకి ఎగిరి నేరుగా నీళ్లలోకి దొర్లిపోయింది. ఒక్క షాట్ తేడాతో ప్లేఆఫ్, అంటే స్కోరు సమానమైనవాళ్లు గెలుపు తేల్చుకోవడానికి మళ్లీ ఆడే ఆట, పోయింది. అదే ఏడాది జూన్‌లో కనెటికట్‌లో ట్రావెలర్స్ ఛాంపియన్‌షిప్, ఆఖరి హోల్‌కి ఒక షాట్ ఆధిక్యంలో వచ్చాడు. టీ షాట్ బంకర్‌లో, అంటే ఇసుక గుంటలో పడింది, బయటికి కొట్టబోతే ఇసుకలోనే ఉండిపోయింది, డబుల్ బోగీ, అంటే పార్ కంటే రెండు ఎక్కువ. ఒకే ఏడాదిలో రెండుసార్లు చివరి గడపలో తగిలిన దెబ్బ, వేరే ఎవరైనా అయితే ఆటంటేనే భయపడిపోతారు. అతను మాత్రం 2023 సెప్టెంబర్‌లో కాలిఫోర్నియాలోని నాపాలో ఫార్టినెట్ ఛాంపియన్‌షిప్‌ని రెండు షాట్ల తేడాతో గెలిచాడు, అమెరికాలో ప్రొఫెషనల్ గోల్ఫర్లు ఆడే పీజీఏ టూర్‌లో అతని మొదటి టైటిల్ అది. ఆ రాత్రి మా ఇంట్లో పాయసం చేశా, నిజంగా.

సరే, ఇప్పుడు నా దగ్గరికి వద్దాం. ఆటలో నాతో వచ్చేది బాబాయి గారు. సొంత బాబాయి కాదు, మా పక్క వీధిలో ఉంటారు, విజయవాడ ఆయన, నాకంటే ఎంతో బాగా ఆడతారు. మార్చిలో జరిగిందంతా ఆయనకి చెప్తే, నీ స్వింగ్‌లో తప్పేం లేదమ్మా, నువ్వు ఆట మధ్యలో పద్దులు రాస్తున్నావు అన్నారు. ఈసారి స్కోరు రాసే కార్డు, ఆ బుల్లి పెన్సిల్ రెండూ తన జేబులో పెట్టుకున్నారు. "లెక్క నేను చూసుకుంటా అమ్మాయ్, నువ్వు బంతిని చూడు" అన్నారు. ఎంత కొట్టానో అడగకూడదు, ఆయన చెప్పకూడదు, అదీ ఒప్పందం.

అంకె తెలియకపోయినా బాగా ఆడుతున్నానని ఒంటికి తెలిసిపోతుందిగా, దడ దాని దారిన అది వస్తుంది. వస్తే రానీ. దాన్ని ఆపాలని చూడటమే నేను ఇన్నాళ్లూ చేసిన పొరపాటు. నిబ్బరం అంటే దడ లేకపోవడం అనుకునేదాన్ని, ఇప్పుడు నాకు దడ ఉండగానే మామూలుగా చేసే నాలుగు పనులూ అదే వరసలో, అదే వేగంతో చేస్తే చాలనిపిస్తోంది. బంతి వెనక నిలబడి గురి చూడటం, ఒక్క ప్రాక్టీస్ స్వింగ్, ఊపిరి తీసుకున్నదానికి రెట్టింపు సేపు వదలడం, కొట్టడం. ఇదిగో ఈ వేళ్లు చూడండి, దగ్గరగా చూపిస్తున్నా: కంగారులో మనకి తెలియకుండానే పట్టు బిగుసుకుంటుంది, గోళ్లు తెల్లబడతాయి, అలా కొడితే బంతి లేవదు. గోరింటాకు పెట్టుకున్న చేత్తో గ్లాసు ఎత్తుకుంటాం చూడండి, జారకుండా, నలగకుండా, అంతే పట్టు చాలు.

ఇంకోటి, 14వ హోల్ దగ్గర పల్లీ పట్టీ తిన్నా, సగం సీసా నీళ్లు తాగా. మూడున్నర గంటల ఆట తర్వాత చేతులు వణికితే అది మనసు బలహీనత అనుకుంటాం కానీ సగం ఆకలే.

కొత్త గడ్డి వేసిన సీజన్ కాబట్టి కార్ట్‌ని దారి మీదే ఆపాలి, బంతి దాకా రెండు మూడు క్లబ్బులు పట్టుకుని నడవాలి. ఇది నాకు మేలే చేసింది. వెనకవాళ్లు చూస్తున్నారని మార్చిలో పరుగెత్తేదాన్ని, ఈసారి కావాలనే అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచా. 16లో 5. 17 నీళ్ల హోల్, 110 గజాలు, ఎప్పుడూ 7 ఐరన్ కొట్టేదాన్ని, ఈసారి ఇంకాస్త దూరం కొట్టే 6 ఐరన్ తీసి, హోల్ దగ్గరి జెండాని వదిలేసి గ్రీన్, అంటే హోల్ చుట్టూ ఉండే పొట్టి గడ్డి, దాని కుడివైపుకి గురిపెట్టా. బంతి గట్టు మీద పడి ఆగింది. చిప్, అంటే చిన్నగా గ్రీన్ మీదకి ఎగరేసే షాట్, తర్వాత బంతిని హోల్‌లోకి దొర్లించే పుట్లు రెండు, మొత్తం 4.

18లో మూడో షాట్ బంకర్‌లో పడింది. లోపలికి దిగి కొట్టా, ఇసుక లేచింది, బంతి మళ్లీ కాళ్ల దగ్గరికే దొర్లుకుంటూ వచ్చింది. కనెటికట్‌లో సాహిత్ కళ్ల ముందు కదిలాడు. మార్చిలో అయితే వెంటనే కోపంగా ఇంకోటి కొట్టేసేదాన్ని. ఈసారి బంకర్‌లోంచి బయటికి వచ్చేశా. 2025 ఏప్రిల్‌లో మాస్టర్స్ అనే పెద్ద టోర్నీ ఆఖరి హోల్‌లో గోల్ఫర్ రోరీ మెకల్‌రాయ్ చిన్న పుట్ పోగొట్టుకుని ప్లేఆఫ్‌కి వెళ్తుంటే, అతని క్లబ్బులు మోసే కేడీ హ్యారీ డైమండ్ అతనితో టోర్నీ వారం మొదట్లో, సోమవారం పొద్దున ఈ చోటు ఇస్తామంటే మనం ఆనందంగా తీసుకునేవాళ్లమే కదా అన్నాడట, రోరీ ఆ ప్లేఆఫ్ గెలిచాడు కూడా. నేనూ అదే అనుకున్నా: పొద్దున ఆరున్నరకి ఎవరైనా ఈ ఇసుకలో ఈ బంతి ఇస్తే వద్దనేదాన్నా? ఊపిరి వదిలి, మళ్లీ దిగి, బంతి వెనక ఇసుకని రెండు వేళ్ల దూరంలో తాకేలా కొట్టా. గ్రీన్ మీద పడింది. రెండు పుట్లు.

బాబాయి గారు టోపీ తీసి చేయి కలిపారు, ఏమీ చెప్పలేదు, నేనూ అడగలేదు. పార్కింగ్‌లో డిక్కీ తీసి ఫ్లాస్కులో టీ పోస్తుంటే కార్డు నా చేతికిచ్చి, కూడుకో అమ్మా అన్నారు. ఆయన మొత్తం వేయలేదు, గళ్లు మాత్రమే నింపారు. 15 దాకా 82. ఐదు, నాలుగు, ఏడు.

98. మూడుసార్లు కూడుకున్నా, తర్వాత మా ఆయనకి ఫోన్ చేశా.