తీరిన అప్పు తీరనట్టే కనిపిస్తుంటే

అందరికీ నమస్కారం.

మన అప్పులు, చెల్లింపుల చిట్టా అయిన క్రెడిట్ రిపోర్టు చేతికి రాగానే మన కళ్లు స్కోరు మీదికే పోతాయి. అంకె బాగుంటే అక్కడితో ఆపేస్తాం. నేనూ చాలాకాలం అలాగే చేశాను. ఎప్పుడో తీర్చేసిన అప్పు నా రిపోర్టులో ఇంకా బాకీగానే ఉందని, కొత్త రుణం అడిగి లేదనిపించుకున్నాకగానీ తెలియలేదు. చివరి వాయిదా కట్టినప్పుడు ఇచ్చిన నో డ్యూస్ కాగితం, అంటే బాకీ ఏమీ లేదని రాసిచ్చిన పత్రం, దాచుకున్నాను కాబట్టి బయటపడ్డాను. అందుకే ఈరోజు స్కోరు సంగతి పక్కనబెట్టి లోపలి పేజీల గురించి మాట్లాడతాను.

ఈ రిపోర్టు తయారుచేసే సంస్థను బ్యూరో అంటారు. అందులోని వివరాలను బ్యూరో సొంతంగా రాయదు. బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు, కార్డు సంస్థలు పంపినవాటిని పేర్చి పెడుతుంది. ఖాతా మూసినా ఆ కబురు పంపకపోతే అప్పు అలాగే నిలబడి ఉంటుంది. ఇక ఒకే పేరున్న ఇద్దరి ఖాతాలు కలిసిపోవడం బ్యూరో దగ్గర జరిగే పొరపాటు. ఒకే ఇంటిపేరుతో, ఒకే చిరునామాలో ఉండేవాళ్లు దీన్ని మరీ జాగ్రత్తగా చూసుకోవాలి.

చదివేటప్పుడు ప్రతి ఖాతా దగ్గరా ఆగండి. ఇది నాదేనా? బాకీ మొత్తం సరిపోయిందా? సమయానికి కట్టిన నెలకు ఆలస్యం అని పడిందా? మీరు దరఖాస్తే పెట్టని సంస్థ పేరు ఎంక్వైరీల్లో, అంటే అప్పు అడిగినప్పుడు మన రిపోర్టు చూసిన సంస్థల జాబితాలో, కనిపిస్తే, మీ వివరాలతో ఎవరో అప్పుకు ప్రయత్నించారేమో చూడాలి. మన రిపోర్టు మనం తెప్పించుకుంటే స్కోరు తగ్గదు, ఆ భయం వద్దు.

ఒక మాట దగ్గర మాత్రం చాలామంది మోసపోతారు. పూర్తిగా తీర్చిన అప్పు 'క్లోజ్డ్' అని ఉండాలి. 'సెటిల్డ్' అంటే కొంత కట్టించుకుని మిగతాది వదిలేశారని అర్థం. వినడానికి రెండూ అప్పు తీరినట్టే ఉంటాయి, కానీ రుణమిచ్చేవాళ్లు రెండో మాటను మచ్చగానే చూస్తారు. పైసాతో సహా కట్టినవాళ్లకు ఆ మాట పడితే ఊరుకోకూడదు. నిజంగానే తగ్గించి కట్టినవాళ్లు మాత్రం అది తప్పని ఫిర్యాదు చేసి లాభం లేదు. ఉన్న నిజాన్ని డబ్బు తీసుకుని చెరిపేస్తామనే ఏజెంట్లను నమ్మకండి.

తప్పు దొరికితే బ్యూరోకు రాయండి, ఆ వివరం పంపిన సంస్థకూ రాయండి. ఈ రెండోది మరవొద్దు. భారతదేశంలో ఆ సంస్థ ఒప్పుకుంటేగానీ బ్యూరో అక్షరం మార్చదు. ఖాతా నంబరు, తప్పేమిటి, ఏమని ఉండాలి, రుజువు ఏది, ఇంతే రాయండి. ఫోనులో చెప్పి వదిలేయకండి. ఫిర్యాదు నంబరు, తేదీ దగ్గరుంచుకోండి, ఎందుకంటే గడువు లెక్క ఫిర్యాదు అందిన రోజు నుంచే మొదలవుతుంది.

ఆ గడువు భారతదేశంలో 30 రోజులు. అమెరికాలో 1970 నాటి చట్టం ప్రకారం మామూలుగా అంతే. భారతదేశంలో 2005 చట్టం కింద పనిచేసే బ్యూరోలు నాలుగు: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హై మార్క్. ఏడాదికి ఒక పూర్తి రిపోర్టు ప్రతి బ్యూరో ఉచితంగా ఇవ్వాలి. 30 రోజులు దాటినా తేల్చకపోతే, 2024 ఏప్రిల్ నుంచి రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలన్నది రిజర్వు బ్యాంకు నియమం. అప్పటికీ పని కాకపోతే ఇలాంటి ఫిర్యాదులు విచారించే అధికారి, రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ ఉన్నారు. అమెరికాలోనైతే, వివాదం తేలనప్పుడు మీ వాదనను క్లుప్తంగా రిపోర్టులోనే చేర్పించుకునే హక్కు ఉంది.

సరిచేశామని జవాబు వచ్చాక కొత్త రిపోర్టు తీసి చూడండి. మిగతా బ్యూరోల రిపోర్టులూ తీయండి, ఒకచోట దిద్దినది ఇంకోచోట అలాగే ఉండొచ్చు. కొన్ని నెలలు ఆగి మరోసారి చూడండి. సంస్థ తన పుస్తకాల్లో దిద్దుకోకపోతే పాత తప్పే మళ్లీ వచ్చి చేరుతుంది. అప్పుడు మీ దగ్గరున్న మొదటి ఫిర్యాదు నంబరు, వాళ్లిచ్చిన జవాబు జతచేసి రాయండి.