నడిస్తేనే సాక్ష్యమా?

పెద్దలకు, స్త్రీల సమాజపు అక్కలకు, వెనక వరసల్లో కూర్చున్న పిల్లలకు అందరికీ వందనాలు.

దేవుడు మా ఇంట్లో చేసిన మేలు గురించి నన్ను సాక్ష్యం చెప్పమని పిలిచారు. మా తమ్ముడు పని చేసే చోట పైనుంచి పడ్డాడని, వెల్లూరు తీసుకెళ్లామని మీలో చాలామందికి తెలుసు. ఆ తర్వాత ఏమైందో తెలియనివాళ్లు మొదట అడిగే ప్రశ్న ఒకటే: "నడుస్తున్నాడా అమ్మా?" లేదండి, నడవడం లేదు. నడుము కింద వాడికి స్పర్శ లేదు. చక్రాల కుర్చీలో ఉంటాడు, ఇకముందు కూడా అందులోనే ఉంటాడు. అయినా వాడు కోలుకున్నాడని మనస్ఫూర్తిగా చెబుతున్నాను. దేవుడు మా మొర విన్నాడని కూడా చెబుతున్నాను. ఈ రెండూ ఎలా పొసుగుతాయని మీకు అనుమానం రావడం సహజమే. నాకు తెలిసినంతలో చెప్పడానికి ప్రయత్నిస్తాను.

వాడు పెయింటింగ్ పని చేసేవాడు. ఒక మేడకు బయటి గోడలకు రంగు వేస్తుంటే పరంజా కర్ర జారింది. రెండో అంతస్తు ఎత్తు నుంచి పడ్డాడు. చుట్టుపక్కలవాళ్లు పరుగెత్తుకొచ్చి, ఇద్దరు భుజాలు, ఇద్దరు కాళ్లు పట్టుకుని ఎత్తి ఆటోలో కూర్చోబెట్టారు. ఎండలో వాళ్ల పని మానుకుని వచ్చిన మనుషులు వాళ్లు. వాళ్ల మీద నాకు ఏ కోపమూ లేదు. కాని ఈ ఒక్క సంగతి చెప్పకుండా ముందుకు పోలేను, పిల్లలు కూడా వినండి. ఎత్తు నుంచి పడ్డవాళ్లను, బండి గుద్దినవాళ్లను అలా లేపి కూర్చోబెట్టకూడదు. వెన్నుపూస విరిగి ఉంటే ఆ లేపడంలో లోపలి వెన్నుపాము ఇంకా నలిగిపోవచ్చు. ఊపిరి ఆడుతోందా, రక్తం కారుతోందా చూసి, 108కి ఫోన్ చేసి, మెడ, వీపు కదలకుండా పట్టుకుని ఉండాలి. తప్పనిసరిగా కదపాల్సి వస్తే తల, నడుము, కాళ్లు ఒకే వరుసలో ఉండేటట్టు నలుగురైదుగురు కలిసి తిప్పి, గట్టి చెక్క మీదికి చేర్చాలి. 108 బండి మన దగ్గర 2005 నుంచి తిరుగుతోంది. రోడ్డు ప్రమాదాల్లో సాయం చేసినవాళ్ల మీదకి కేసులు రాకుండా 2019లో మోటారు వాహనాల చట్టంలో సవరణ కూడా తెచ్చారు. కాబట్టి భయపడి పక్కకు తప్పుకోనక్కర్లేదు.

గుంటూరులో ఆపరేషన్ చేశారు. విరిగిన పూసకు పైనా కిందా స్క్రూలు వేసి రాడ్లు బిగించారు. ఎముక నిలబడింది. కాళ్లు కదల్లేదు. డి-12 దగ్గర దెబ్బ అన్నారు, అంటే ఛాతీ వెనక పూసల్లో చివరిది. అక్కడ వెన్నుపాము పూర్తిగా దెబ్బతింటే కాళ్లతో పాటు మూత్రం, మలం మీద కూడా పట్టు పోతుంది. కాళ్ల గురించి అందరూ మాట్లాడతారు, ఈ రెండో సంగతి ఎవరూ ఎత్తరు. పెళ్లీడు కుర్రాడు తన పక్కబట్టలు అక్క మారుస్తుంటే గోడ వైపు తిరిగి పడుకుంటాడు చూడండి, అసలు బాధ అక్కడుంది.

ఇంటికి తెచ్చాక చాలామంది వచ్చి ప్రార్థన చేశారు. మన సంఘం వాళ్లు ఉపవాసాలు ఉన్నారు. పక్కింటి సాయిబుగారి భార్య దర్గా నుంచి తాయెత్తు తెచ్చింది. వాడితో పని చేసిన కుర్రాడు అయ్యప్ప మాలలో ఉండి, శబరిమలలో వీడి పేరున మొక్కుకుని వచ్చాడు. ఆ ప్రేమ అంతా మా ఇంటికి వచ్చి చేరింది, మేం కాదనలేదు. కాని కొందరు ఇంకో మాట కూడా తెచ్చారు. "మీ ఇంట్లో విశ్వాసం చాలడం లేదు, అందుకే లేవడం లేదు" అన్నారు. ఒకాయన వాడి కాళ్ల మీద చేతులు పెట్టి, లెమ్మని గట్టిగా అరిచి, వాడు లేవకపోతే మా అమ్మ వైపు చూశాడు. ఆ చూపు మా అమ్మను ఎంతకాలం తిన్నదో నాకు తెలుసు. రాత్రిళ్లు లేచి కూర్చుని తను ఎప్పుడెప్పుడు ఏం తప్పు చేసిందో వెతుక్కునేది.

ఈ సంగతి మీతో తెగించి మాట్లాడాలనే వచ్చాను. నడవడం మీద పందెం కట్టిన విశ్వాసం రోగిని ముద్దాయిని చేస్తుంది. దేవుడిని గొప్ప చేద్దామని మొదలుపెట్టి, మంచాన ఉన్నవాడి నెత్తిన నేరం మోపి వెళ్లిపోతుంది.

మార్కు సువార్త రెండో అధ్యాయం మీ అందరికీ తెలిసిందే. కపెర్నహూములో ఒక పక్షవాయువు రోగిని నలుగురు మోసుకొచ్చారు. గుంపు దారి ఇవ్వకపోతే పైకెక్కి, ఇంటి కప్పు విప్పి, మంచంతో సహా దించారు. అక్కడ యేసు ప్రభువు చూసింది ఎవరి విశ్వాసం? "వారి" విశ్వాసం అని రాసి ఉంది. పడుకున్నవాడు నమ్మాడా లేదా అన్న విచారణ ఆ కథలో ఎక్కడా లేదు. వాడికి నమ్మే ఓపిక ఉందో లేదో! మోసినవాళ్ల భుజాలనూ, కప్పు విప్పిన చేతులనూ చూసి ఆయన దాన్ని విశ్వాసం అన్నాడు. చివర ఆ మనిషి లేచి నడిచాడు, మావాడు నడవలేదు. ఆ తేడాని నేను దాటవేయను. అపొస్తలుడైన పౌలు కూడా తన శరీరంలో ముల్లులా గుచ్చుతున్న బాధను తీసెయ్యమని ప్రభువును మూడుసార్లు వేడుకున్నాడు, ఆ ముల్లు పోలేదు. పౌలుకు విశ్వాసం చాలలేదని ఎవరైనా అనగలరా?

వెల్లూరు వెళ్లమని మా మేనమామ చెప్పాడు. కాట్పాడిలో రైలు దిగితే సగం మంది తెలుగువాళ్లే, మనకిది కొత్త కాదు. ఊరికి ఒక చివర బాగాయంలో క్రైస్తవ వైద్య కళాశాల వాళ్ల పునరావాస కేంద్రం ఉంది. దాన్ని మొదలుపెట్టిన మేరీ వర్గీస్ గారి గురించి చెబుతాను, ఆమె కథ ప్రతి ఇంట్లో తెలియాలి. కేరళ నుంచి వచ్చి వెల్లూరులో చదివి డాక్టరైన ఆమెకు 1954లో కారు ప్రమాదంలో వెన్ను విరిగింది. నడుము కింద చచ్చుబడింది. అక్కడ కుష్ఠురోగుల చేతులకు ఆపరేషన్లు చేసే పాల్ బ్రాండ్ అనే డాక్టరు ఆమెను ప్రోత్సహించారు. కుష్ఠుతో వంకరపోయిన వేళ్లను సరిచేసే ఆపరేషన్లు కూర్చునే చేయవచ్చు. చక్రాల కుర్చీలో కూర్చుని ఆమె ఆ ఆపరేషన్లు చేశారు. తర్వాత న్యూయార్క్ వెళ్లి పునరావాస వైద్యం చదువుకుని తిరిగి వచ్చి ఆ విభాగాన్ని నడిపారు. 1966లో ఈ కేంద్రం తెరిచారు. 1972లో పద్మశ్రీ వచ్చింది. ఆమె కోసం కూడా ఎంతమంది ప్రార్థన చేసి ఉంటారో! ఆమె లేచి నడిచి ఉంటే ఒక మంచి డాక్టరుగానే ఉండిపోయేవారు. నడవలేదు కాబట్టే మా తమ్ముడిలాంటివాళ్లకు వెళ్లడానికి ఒక చోటు దొరికింది. దేవుడే ఆమెను పడేశాడని నేను అనను, ఆ మాట నా నోట రాదు. పడ్డ తర్వాత ఆమెతో ఉన్నాడని మాత్రం చెప్పగలను.

అక్కడి డాక్టరమ్మ మమ్మల్ని కూర్చోబెట్టి సూటిగా చెప్పింది: "ఈ కాళ్లు తిరిగి పనిచేస్తాయని చెప్పి మిమ్మల్ని మోసం చేయను. కాని ఇతను ఒంటరిగా స్నానం చేస్తాడు, బట్టలు వేసుకుంటాడు, సంపాదిస్తాడు. అంతవరకు మేం నేర్పిస్తాం." మా అమ్మ ఏడ్చింది. నాకు మాత్రం ఆ రోజు ఊపిరి ఆడింది. అప్పటిదాకా మా ఇంట్లో నిజం మాట్లాడడం అవిశ్వాసం అయిపోయింది. నిజం చెప్పి కూడా ఆశ ఇవ్వగలిగిన మనిషిని ఆమెలో చూశాను.

అక్కడ ఇంటివాళ్లకు కూడా పని నేర్పుతారు. స్పర్శ లేని ఒంటిని మంచం మీద రెండు గంటలకొకసారి తిప్పాలి, లేకపోతే తుంటి ఎముకల దగ్గర పుండ్లు పడతాయి, అవి ఎముక దాకా వెళ్లి ప్రాణం తీస్తాయి. కుర్చీలో ఉన్నప్పుడు మధ్యమధ్యలో చేతుల మీద ఒంటిని పైకి లేపుకోవాలి. పడుకునే ముందు అద్దం పెట్టుకుని వెనక ఎర్రబడిందేమో చూసుకోవాలి. స్నానానికి వేడినీళ్లు కాలికి కాదు, చేతికి చూసుకుని పోసుకోవాలి, కాలు కాలినా తెలియదు కాబట్టి. నాలుగు నుంచి ఆరు గంటలకొకసారి సన్నని గొట్టంతో మూత్రం తనే తీసుకోవాలి. లోపల నిలిచిపోతే కిడ్నీలు పాడవుతాయి. మొదటి ప్రపంచ యుద్ధం నాటికి వెన్ను విరిగిన సైనికుల్లో ఎక్కువమంది ఈ పుండ్లతో, ఈ మూత్రపు ఇన్ఫెక్షన్లతోనే కొద్దికాలంలో చనిపోయేవారు. హిట్లర్ జర్మనీ నుంచి ప్రాణాలు దక్కించుకుని ఇంగ్లండ్ చేరిన లుడ్విగ్ గుట్‌మన్ అనే యూదు డాక్టరు 1944లో స్టోక్ మాండెవిల్‌లో వాళ్ల కోసం విభాగం తెరిచి, తిప్పడం, శుభ్రం, పని, ఆటలు అనే క్రమం పెట్టాడు. 1948లో 16 మందితో ఆయన మొదలుపెట్టిన పోటీల నుంచే ఇవాళ్టి పారాలింపిక్స్ వచ్చాయి. రాత్రి రెండింటికి అలారం పెట్టుకుని లేచి తమ్ముడిని పక్కకు తిప్పుతున్నప్పుడు, ఇది కూడా ప్రార్థనే అని నాకు అనిపించేది. పెదవులతో చేసినదానికంటే తక్కువది కాదు.

వాడి సంగతి చెప్పాలి. వెల్లూరు వెళ్లిన కొత్తలో వాడు దేవుడి పేరు ఎత్తనిచ్చేవాడు కాదు. "ఆ పుస్తకం నా దగ్గర తెరవకు అక్కా" అని అన్నం కంచం విసిరేశాడు. నేను తెరవలేదు. పనులు మాత్రం మానలేదు. ఒకరోజు తనే అడిగాడు: "కోపంగా ఉన్నవాడు చేసుకునే ప్రార్థన ఏదైనా ఉందా ఇందులో?" బైబిల్లోని 88వ కీర్తన చదివాను. మొర పెట్టుకునే కీర్తనలు చాలా ఉన్నాయి, కాని వాటిలో దాదాపు అన్నీ ఎక్కడో ఒకచోట స్తుతి వైపు తిరుగుతాయి. ఇది తిరగదు. మొర పెడుతూ పెడుతూ చీకటి దగ్గరే ఆగిపోతుంది. వాడు కాసేపు ఊరుకుని, "ఇది మన గుళ్లో ఎవరూ చదవరేం?" అన్నాడు. మళ్లీ చదవమన్నాడు. ఆ రోజు నుంచి మాట్లాడడం మొదలుపెట్టాడు, మాతో ముందు, దేవుడితో తర్వాత. వాడి విశ్వాసం ఆ కోపంలోంచే తిరిగి వచ్చింది. కాబట్టి ఇంట్లో ఎవరైనా అలా మాట్లాడితే నోరు మూయించకండి.

ఇవాళ వాడు బజార్లో సెల్‌ఫోన్లు రిపేర్ చేస్తాడు. మంచం మీద నుంచి కుర్చీలోకి, కుర్చీలోంచి మూడు చక్రాల బండి మీదికి ఒక్కడే మారతాడు. కొత్తగా వెన్ను దెబ్బ తగిలినవాళ్లుంటే వెళ్లి, పక్కనున్నవాళ్లను బయటికి పంపి, గొట్టం సంగతీ పుండ్ల సంగతీ సిగ్గుపడకుండా మాట్లాడతాడు. వయసులో నాకంటే చిన్నవాడే గాని, ఓర్పులో నాకు అన్న అయ్యాడు. ఒకప్పుడు ఆసుపత్రి వాసన పడని దాన్ని నేను, రక్తం చూస్తే కళ్లు తిరిగేవి. ఇప్పుడు ఎవరింట్లో మంచాన పడ్డా నన్ను పిలుస్తారు, వెళ్తాను.

ఇక మిమ్మల్ని కోరేవి రెండున్నాయి. ఒకటి, ఇలాంటివాళ్లున్న ఇళ్లకు వెళ్లినప్పుడు ప్రార్థన చేసి వెంటనే లేచి రాకండి. ఒక పూట వాళ్ల అమ్మను నిద్రపోనివ్వండి, ఆ పూట తిప్పే పని మీరు చేయండి. వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్‌కు స్లాట్ బుక్ చేయడం, క్యాంపుకు తీసుకెళ్లడం చదువుకున్న పిల్లలు చేయగలరు. ఆంధ్రప్రదేశ్‌లో దివ్యాంగుల పింఛను 2024 జూలై నుంచి నెలకు 6000 రూపాయలు అయింది. కాగితాలు లేక అది అందనివాళ్లు మన పేటలోనే ఉన్నారు.

రెండోది మన గుడి సంగతి. ముందు మూడు మెట్లున్నాయి, మొత్తం ఎత్తు అడుగున్నర. ప్రతి ఆదివారం నలుగురు మా తమ్ముడిని కుర్చీతో ఎత్తి లోపలికి తెస్తున్నారు, వాళ్లకు నా కృతజ్ఞతలు. కాని వాడికి తనంతట తను రావాలని ఉంది. మోకాళ్ల నొప్పులతో రాలేకపోతున్న మామ్మలకు కూడా అంతే. అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు లెక్కన పద్దెనిమిది అడుగుల ర్యాంపు కావాలి, పక్కన పట్టుకోవడానికి కమ్మీ కావాలి. బోరింగు వైపు స్థలం సరిపోతుంది, నేనూ తమ్ముడూ టేపు పెట్టి కొలిచాం. ఇసుక, సిమెంటు ఖర్చులో కొంత మా ఇంటి తరఫున ఇస్తాం, రంగు మాత్రం వాడే వేస్తానన్నాడు. కమిటీ పెద్దలు ఇక్కడే ఉన్నారు కాబట్టి, ఈ కూటం అయిపోగానే ఒక్క పది నిమిషాలు కూర్చుని దీని సంగతి తేల్చమని కోరుతున్నాను. వందనాలు.