కోనసీమ చేలు మునిగేది నవంబరులో కాదు, జూన్‌లో!

ఒక మాట చెప్తాను, తిట్టాలనిపిస్తే పూర్తిగా విన్నాక తిట్టండి. కోనసీమలో వరి చేను మునుగుతుందా లేదా అన్నది జూన్‌లోనే ఖరారైపోతుంది. నవంబరులో తుఫాను వచ్చి ఆ మిగిలిన పని పూర్తి చేస్తుంది, అంతే.

మొంథా తుఫాను అప్పుడు చూశారుగా? 2025 అక్టోబరు 28 రాత్రి నరసాపురం దగ్గర తీరం దాటింది. తెల్లారి టీవీ పెడితే ఏ ఛానల్లో చూసినా రెయిన్‌కోటు వేసుకున్న రిపోర్టరు మోకాల్లోతు నీళ్ళలో నిలబడి ప్రకృతి పగబట్టింది అని అరుస్తున్నాడు. ప్రకృతికి వేరే పనేం లేదాండి, పనిగట్టుకుని మన అమలాపురం మీద పగబట్టడానికి?

తేదీలు చెప్తాను, రాసుకోండి. 1839లో కోరింగ రేవుని ఉప్పెన ఊడ్చేసింది, నవంబరు. దివిసీమ ఉప్పెన, 1977 నవంబరు 19. అది కృష్ణా వైపు కదా అంటారా, సరే, మన దగ్గరికే రండి. 1996లో కోనసీమ గాలివాన, వెయ్యి మందికి పైగా పోయారు, కొబ్బరి తోటలు తోటలే నేలమట్టం, నవంబరు 6. హెలెన్, 2013 నవంబరు 22. పెథాయ్, 2018 డిసెంబరు 17. మిచౌంగ్, 2023 డిసెంబరు 5. దాదాపు రెండు వందల ఏళ్ళ నుంచీ అదే సీజన్లో వస్తున్నదాన్ని పట్టుకుని అనుకోని విపత్తు అంటే, సంక్రాంతికి అల్లుడొచ్చాడని ఆశ్చర్యపోయినట్టుంది!

ఇప్పుడు వేళ్ళ మీద లెక్కేద్దాం. మన డెల్టాలో తరాలు తిన్న అన్నం స్వర్ణ, మార్టేరు పరిశోధన స్థానం 1982లో ఇచ్చిన రకం, దాదాపు 150 రోజుల పంట. జూన్ 5కి నారుమడిలో విత్తనం పడితే నవంబరు మొదటి వారానికి కోత మిషన్ చేలో ఉండాలి. అదే జూలై 10కి విత్తనం పడితే? డిసెంబరు మొదటి వారం. అంటే నవంబరు నెలంతా గింజ బరువెక్కిన వెన్ను గాలికి ఎదురుగా నిలబడి ఉంటుంది. చేను పడిపోతుంది, పనలు నీళ్ళలో నానతాయి, గింజకి మొలకలొస్తాయి, ధాన్యం రంగు మారుతుంది. అప్పుడు కొనేవాడు మిషన్ పెట్టి తేమ 17 శాతం దాటింది అంటాడు. చుట్టూ నీళ్ళు, పైన మబ్బు, పొద్దున్నే మంచు, ఆ 17 శాతం ఎక్కడి నుంచి తేవాలండి? బరకాలు అద్దెకి తెచ్చుకుని రోడ్డు మీద ధాన్యం ఆరబోసుకుంటుంటే దాని మీదనుంచి బైకులు పోతుంటాయి. కౌలు రైతైతే ఇంకా ఘోరం, భూమి యజమానికి మక్తా, అదే కౌలు ధాన్యం, మాత్రం బస్తా తగ్గకుండా కొలవాలి.

అసలు పాయింటు ఇక్కడుంది. కాలువ లేని మెట్టలో రైతు మృగశిర కోసం, ఆరుద్ర కోసం ఆకాశం వైపు చూడాలి, వాన పడకపోతే అతను విత్తలేడు, అతన్ని ఏమీ అనలేం. మనకేం ఖర్మ? 1852లో కాటన్ దొర ధవళేశ్వరంలో ఆనకట్ట పూర్తి చేసిన రోజు నుంచీ ఈ డెల్టాలో సార్వా, అదే ఖరీఫ్ వరి, మొదలయ్యేది మబ్బుతో కాదు, కాలువతో. దాదాపు పది లక్షల ఎకరాల ఆయకట్టు ఉందండి. వాన ఎప్పుడు పడాలో ఏ ఆఫీసరూ చెప్పలేడు కానీ, హెడ్ లాకులు, అంటే కాలువలకి నీళ్ళు వదిలే గేట్లు, ఎప్పుడు ఎత్తాలో మనుషులే కూర్చుని నిర్ణయిస్తారు. కాబట్టి ఆయ్, డెల్టాలో సీజన్ అనేది వాతావరణ శాఖ కంటే ముందు లాకుల దగ్గర తయారవుతుంది. నా మాట ఇదే, ఎవరికి నచ్చినా నచ్చకపోయినా.

కాలువలకి వేసవిలో నీళ్ళు ఆపేస్తారు, మరమ్మతుల కోసం. మంచిదే, చెయ్యండి. కానీ రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే ఎండలు కాసినన్నాళ్ళూ కనపడని జేసీబీ, మొదటి వాన పడ్డాక గట్టు మీద తేలుతుంది. బురదలో పూడిక తీస్తారంట! తీసిన మట్టి గట్టు మీదే పోస్తారు, రెండు వానలకి అదంతా మళ్ళీ కాలువలోకే. ఇది చూసి నవ్వాలో ఏడవాలో మీరే చెప్పండి.

జూన్ మొదట్లో గోదావరిలో నీళ్ళెక్కడివి అని అడుగుతారు కొందరు. 2022లో జూన్ 1న వదిలారు కదా! తుఫానులకి ముందే కోతలు అయిపోవాలనే చెప్పి వదిలారు. నారుమడికి కావలసింది ఎంత? దాళ్వాలో, అదే రబీలో, సీలేరు జలాశయాల నీళ్ళు దించుకుని పంట గట్టెక్కించుకునే వాళ్ళం, నారుమడులకి తడి ఇవ్వలేమా?

మరి జూన్ 1న నీళ్ళు వదిలిన ఆ ఏడాదే కోనసీమ రైతులు క్రాప్ హాలిడే, అంటే పంటే వెయ్యం, అన్నారు కదా, 2011లో కూడా అన్నారు కదా, నీ థియరీ ఏమైంది అంటారు. తెలుసండి, అడుగుతారని తెలుసు. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటి వరద పోయింది, అదీ తెలుసు. వరద గట్ల లోపలున్న లంకల సంగతి వేరు, వాళ్ళ కష్టం నదితో. గట్టుకి ఇవతల ఉన్న చేలు మునగడానికి కారణం మురుగు డ్రైన్లు. గుర్రపు డెక్క కలుపు పట్టేసి, పక్కన చెరువుల గట్లు ముందుకి జరిగి, డ్రైన్లు సముద్రంలో కలిసే మొగలు ఇసకతో పూడిపోయి, పోటు వచ్చినప్పుడు నీరు బయటికి పోకపోగా వెనక్కి తన్నుకొస్తుంది. కేశనపల్లి కొబ్బరి చెట్లకి దిష్టి తగిలిందా లేదా అని 2025 నవంబరులో రెండు రాష్ట్రాల నాయకులు మాటా మాటా అనుకున్నారు, గుర్తుందిగా? ఆ చెట్ల మొదళ్ళలోకి శంకరగుప్తం డ్రైన్ గుండా ఉప్పునీరు ఎక్కింది, దానికి గుమ్మడికాయ కొడితే దిగుతుందా?

మొంథా అక్టోబరులోనే వచ్చింది, జూన్‌లో వేసినా పోయేదే అని ఒకాయన నాతో గంటసేపు వాదించాడు. ఒప్పుకోను. ముందు వేసిన చేను మీద నుంచి నీరు రెండు రోజుల్లో లాగేస్తే మిషన్ దిగుతుంది. అదే నీరు పది రోజులు నిలబడితే ఏ తేదీన వేసినా ఒకటే. అందుకే మొగలు ఎండల్లోనే తవ్వండి, లాకులు జూన్ 1న ఎత్తండి అంటున్నాను. రెండూ వేసవి పనులే, రెండూ మనుషుల చేతిలో ఉన్నవే.

ఇంకొకటి. జూన్ 1న లాకుల దగ్గర పూజ చేసి, పూలు చల్లి, ఫొటో దిగితే నీళ్ళు వదిలినట్టు కాదు. ఉప్పలగుప్తం, మామిడికుదురు, సఖినేటిపల్లి, కాట్రేనికోన, మీరు ఏ మండలమైనా సరే, శివారున మీ తూములోకి నీళ్ళు ఏ తేదీన వచ్చాయో, మీ నారుమడి ఎప్పుడు పోశారో, కోత ఎప్పుడు కోశారో ఊరి పేరుతో కామెంట్‌లో పెట్టండి. అన్నీ ఒక పట్టిక చేసి వచ్చే వీడియోలో చదువుతాను, ఆ ఫొటోల పక్కనే పెట్టి మరీ చదువుతాను.