కొవ్వొత్తి వెలుగులో పది రొట్టె ముక్కలు

(ఇజ్రాయెల్‌లో వృద్ధుల సంరక్షణ పనికి వెళ్లబోతున్నవారి సమావేశంలో చేసిన ప్రసంగం)

అక్కలకు, చెల్లెళ్లకు, తమ్ముళ్లకు నమస్కారం.

మందులు ఎప్పుడు వేయాలో, ముసలివారిని పడకుండా ఎలా నడిపించాలో మీకు శిక్షణలో చెబుతారు. యూదుల పస్కా పండుగకు ముందు ఆ ఇళ్లలో ఏం జరుగుతుందో నాకైతే ఎవరూ చెప్పలేదు. అందుకే ఈ రోజు ఆ ఒక్క సంగతే మాట్లాడతాను.

నేను రమత్ గాన్ పట్టణంలో ఒక పెద్దావిడకు తోడుగా ఉన్నాను. బాగ్దాద్‌లో పుట్టి, 1951లో పసిపిల్లగా విమానమెక్కి వచ్చిన ఆవిడ. 1950, 51 సంవత్సరాల్లో ఇరాక్ నుంచి లక్షా ఇరవై వేలకు పైగా యూదులు అలా తరలివచ్చారు. ఇంట్లో అందరూ ఆవిడను సవ్తా అంటారు, అంటే నాయనమ్మ, అమ్మమ్మ. నేనూ అలాగే పిలిచాను.

మొదటి ఏడాది, పండుగకు రెండు వారాల ముందు, సవ్తా నా గదిలోని వంట సామానంతా బల్ల మీదికి తెప్పించారు. మినప్పప్పు, అటుకులు, చింతపండు నాకు తిరిగి ఇచ్చేశారు. గోధుమపిండి, ఉప్మా రవ్వ, సేమ్యా, హార్లిక్స్ సీసా పక్కన పెట్టించారు. చివరికి ఇంగువ డబ్బా మిగిలింది. దాని మీది అక్షరాలు మనవరాలి చేత చదివించుకుని, దాన్నీ పక్కన పెట్టించారు. ఆ రాత్రి నాకు ఏడుపు వచ్చింది. మన వంట వాసన గిట్టడం లేదనుకున్నాను. ఇంకో మాట కూడా మనసులోకి వచ్చింది. మన ఊళ్లలో మడి పేరుతో మనుషులను గడప బయట నిలబెట్టడం చూసి పెరిగినదాన్ని కదా, ఇదీ అలాంటిదేనని భయపడ్డాను.

మరునాడు మనవరాలు కూర్చోబెట్టి చెప్పింది. ఆ ఇంగువ పొడిలో గోధుమపిండి కలిసి ఉంది. మన దుకాణాల్లో దొరికే ఇంగువ పొడి చాలావరకు అంతే, డబ్బా వెనక చదివి చూడండి. వారు బయటికి పంపింది ఆ పిండినే. నేను అదే బల్ల దగ్గర కూర్చున్నాను, అదే గిన్నెలు తోమాను, పండుగ రాత్రి సవ్తా పక్కనే భోజనం చేశాను. మడిలో మనిషి తాకితే మైల. ఇక్కడ మనిషితో పేచీ లేదు, లెక్కంతా ధాన్యంతోనే. నేను పడిన బాధ మీరు పడకూడదని ఇది ముందే చెబుతున్నాను.

ఆ ధాన్యాలు అయిదు: గోధుమ, బార్లీ, రై, ఓట్స్, గోధుమ జాతికే చెందిన స్పెల్ట్. వీటి పిండికి నీరు తగిలి, 18 నిమిషాలలోపు కాల్చకపోతే అది హమేత్స్, అంటే పులిసినది. బైబిలు చదివేవారికి నిర్గమకాండము 12వ అధ్యాయం గుర్తుండే ఉంటుంది. ఐగుప్తు, అంటే ఈజిప్టు నుంచి వారి పూర్వీకులు హడావిడిగా బయలుదేరినప్పుడు పిండి పొంగే వ్యవధి లేదు. అందుకే పండుగ ఏడు రోజులూ పులియని రొట్టె తినాలి, పులిసినది ఇంట్లో కనిపించకూడదు. ఇజ్రాయెల్ బయట ఉన్న యూదులు చాలామంది ఎనిమిది రోజులు పాటిస్తారు.

ఇప్పుడు మన వంటింటి వైపు నుంచి చూడండి. ఇడ్లీ పిండి రాత్రంతా పొంగుతుంది, పుల్లబడుతుంది. అయినా అది హమేత్స్ కాదు, ఎందుకంటే బియ్యం, మినుములు ఆ అయిదింటిలో లేవు. ఏమాత్రం పొంగని చపాతీ మాత్రం హమేత్స్, ఎందుకంటే పిండి కలిపి అరగంట నాననిస్తాం. అయితే ఇడ్లీ పిండి ప్రతి ఇంట్లోనూ చెల్లుతుందని అనుకోవద్దు. యూరప్ నుంచి వచ్చిన అష్కెనాజీ కుటుంబాలలో బియ్యం, పప్పులు కూడా ఆ వారం తినని ఆచారం ఉంది. ఇరాక్ వారు తింటారు. మీరు చేరిన ఇల్లు ఎక్కడి నుంచి వచ్చిందో ముందు అడిగి తెలుసుకోండి.

తినేవారు కూడా బియ్యాన్ని ఊరికే వండరు. మూడుసార్లు ఏరతారు, అందులో ఒక్క గోధుమ గింజైనా ఉంటుందేమోనని. సవ్తా బల్ల మీద తెల్లని గుడ్డ పరిచి, గుప్పెడు గుప్పెడుగా బియ్యం పోసి, వేలికొసతో గింజలను ఒక్కొక్కటిగా ఇటు నుంచి అటు జరిపేవారు. నేను ఎదురుగా కూర్చున్నాను. చేటలో రాళ్లు ఏరిన చెయ్యి నాది, ఆ పని ఎవరూ నేర్పనక్కరలేకపోయింది. నాకు హీబ్రూ అప్పటికి సరిగా రాదు, ఆవిడకు నా భాష రాదు. ఆ మూడు సాయంత్రాలూ మేము మాటలు లేకుండానే దగ్గరయ్యాము.

ఇక శుభ్రం చేయడం. పరుపులు ఎత్తుతారు, పిల్లల కోట్ల జేబులు తిరగేస్తారు, ఫ్రిజ్ తలుపు రబ్బరు మడతల్లో పుల్లతో గీకుతారు. చాలా ఇళ్లలో ఇది పర్వతమంత పని అవుతుంది, కిటికీలు, కర్టెన్లు, అల్మారాల పైకప్పులు అన్నీ కలిసిపోతాయి. ఆ భారం ఎక్కువగా ఆడవారి మీద, మనలాంటి పనివారి మీద పడుతుంది. నేను గట్టిగా చెప్పదలచిన మాట ఇదే: వారి ధర్మశాస్త్రం అంత పని అడగడం లేదు. దుమ్ము హమేత్స్ కాదని వారి పెద్దలే చెబుతారు. సుమారు 1800 ఏళ్ల కిందట కూర్చిన మిష్నా అనే గ్రంథంలో ఈ పండుగ గురించిన భాగం మొదట్లోనే ఉంది: రొట్టె తీసుకువెళ్లని చోట వెతకనక్కరలేదు. ముంగిస లాంటి చిన్న జంతువు ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి ముక్క ఈడ్చుకుపోయి ఉంటుందని భయపడనూ అక్కరలేదు. అలా భయపడితే ఒక వాకిలి నుంచి ఇంకో వాకిలికి, ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి పోతూ ఉండాలి, ఇక దానికి అంతమే ఉండదు. ఎంత కఠినమైన నియమమో, అంత దయగల మాట. సవ్తా కూతురు కర్టెన్లన్నీ దింపమన్నప్పుడు, సవ్తా కుర్చీలోంచి చెయ్యి అడ్డంగా ఊపి, "కర్టెన్లు రొట్టె తింటాయా?" అన్నారు.

గిన్నెల విషయంలో మాత్రం జాగ్రత్త తప్పదు. చాలా ఇళ్లలో పస్కాకు వేరే గిన్నెలు అటక మీద ఉంటాయి. లేనివారు వాడే గిన్నెలను శుద్ధి చేసుకుంటారు. గిన్నె ఏ దారిన రుచిని పీల్చుకుందో ఆ దారినే వదులుతుందన్నది సూత్రం. కూర ఉడికిన స్టీలు గిన్నెను శుభ్రంగా తోమి, ఒక రోజంతా వాడకుండా ఉంచి, సలసల మరిగే నీటిలో ముంచి, చన్నీళ్లతో కడుగుతారు. నేరుగా నిప్పు మీద రొట్టె కాల్చిన ఇనుప సామాను ఎర్రగా కాలాల్సిందే. మట్టి పాత్రకు శుద్ధి లేదు. పండుగ ముందు రోజుల్లో పేటల్లో పెద్ద పెద్ద గంగాళాలలో నీళ్లు మరుగుతూ ఉంటాయి, జనం వలసంచులలో గిన్నెలు తెచ్చి వరుసలో నిలబడతారు.

పారేయలేనంత సరుకు ఉంటే రబ్బీ, అంటే వారి మతగురువు ద్వారా యూదులు కానివారికి అమ్ముతారు. ఇది ఉత్తుత్తి అమ్మకం కాదు, పత్రం రాస్తారు, బయానా తీసుకుంటారు. దేశ ప్రభుత్వపు హమేత్స్ కూడా ఇలాగే అమ్ముడవుతుంది. అబూ ఘోష్ ఊరికి చెందిన ఒక అరబ్ పెద్దమనిషి చాలా ఏళ్లపాటు దాన్ని కొన్నారు. పండుగ తరువాత మిగతా సొమ్ము కట్టకపోతే సరుకు తిరిగి వస్తుంది. మా ఇంట్లో గోధుమపిండి డబ్బా, రవ్వ, ఇంగువ అన్నీ ఒక అరలో పెట్టి, తలుపుకు టేపు అంటించారు.

పండుగకు ముందు రాత్రి వెతుకులాట. పండుగ శనివారం రాత్రి మొదలయ్యే ఏడాది, 2025లో లాగా, ఇది గురువారం రాత్రికే జరుగుతుంది. వెతికేవారికి ఏదో ఒకటి దొరకాలి కనుక పది రొట్టె ముక్కలు కాగితంలో చుట్టి ముందే దాచిపెట్టే ఆచారం ఉంది. దాచే పని నాకు అప్పగించారు, ఏది ఎక్కడ పెట్టానో కాగితం మీద రాసుకోమన్నారు. లైట్లు ఆర్పారు. సవ్తా చేతిలో కొవ్వొత్తి, మనవడి చేతిలో ఈక, చెక్క గరిటె. ఆవిడ చెయ్యి వణుకుతుంటే మణికట్టు కింద నా చెయ్యి పెట్టాను. దీవెన చెప్పిన తరువాత ఎవరూ వేరే మాట మాట్లాడలేదు. పదో ముక్క దొరికాక ఆవిడ అరామిక్ భాషలో ఒక వాక్యం చదివారు. నేను చూడని, నేను తొలగించని పులిసినదేదైనా ఉంటే అది నేల మీది ధూళితో సమానం అని దాని అర్థం. మరునాడు ఉదయం వీధి చివరి ఖాళీ స్థలంలో ఇరుగుపొరుగు వారి మంటల పక్కనే మా పది ముక్కలూ కాలిపోయాయి.

ఏడో రోజు చీకటి పడ్డాక నేను ఆ అర దగ్గరికి వెళ్లి టేపు మీద చెయ్యి వేశాను, చపాతీలు చేద్దామని. సవ్తా గోడ గడియారం వైపు చూపించి ఆపారు.

"ఒక గంట ఆగు అమ్మా. రబ్బీ తిరిగి కొనాలి. ఆ పిండి ఇంకా మనది కాదు."

ఇద్దరం వంటింట్లో కూర్చుని ఆ గంట గడిచేదాకా ఎదురు చూశాము. తరువాత పిండి తడిపాను.