మోసుకెళ్లే షూటింగ్ బెంచి: ముక్కాలి పీటే మేలు

[తెర మీద: బెంచి మీద రైఫిల్. ముందు రెస్ట్, బట్ కింద ఇసుక సంచి. దగ్గరగా.]

షూటింగ్ బెంచి అంటే రైఫిల్‌ని ఆనించి కాల్చే బల్ల. రైఫిల్ ముందు భాగాన్ని మోసే రెస్ట్‌కీ, వెనక కొసని మోసే సంచికీ మధ్య 20 అంగుళాల దూరం ఉందనుకోండి. వీటిలో ఏ ఒక్కటి మిల్లీమీటరు పక్కకి జరిగినా, 100 గజాల దగ్గర తూటా దాదాపు 7 అంగుళాలు తప్పుతుంది. అదే రెండూ కలిసి ఒకే వైపు మిల్లీమీటరు జరిగితే తప్పేది కూడా మిల్లీమీటరే. కాబట్టి బెంచి మెలితిరగకూడదు, ఒరగకూడదు. మడత టేబుల్ ఇక్కడే దెబ్బతింటుంది.

అమెరికాలో ఉండి ఈ వీడియో చూస్తున్నవాళ్లకి ఒక మాట. హెచ్-1బీ, ఎఫ్-1 లాంటి నాన్-ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. మినహాయింపులు కొన్నే, చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్సు ఉండటం అందులో ఒకటి. బెంచి సంగతి ఆ తర్వాత.

[తెర మీద: ఎగుడుదిగుడు నేల మీద నాలుగు కాళ్ల టేబుల్, పక్కనే మూడు కాళ్ల బెంచి.]

నాలుగు కాళ్లుంటే ఒకటి గాల్లో ఉంటుంది. ముక్కాలి పీటకి ఆ గొడవ లేదు, ఎక్కడ వేసినా మూడూ నేలకి ఆనుతాయి. మనం చేసేదీ అదే.

పైబల్లకి ముప్పావు అంగుళం ఎక్స్‌టీరియర్ గ్రేడ్ ప్లైవుడ్, 32 అంగుళాల వెడల్పు, 44 పొడవు. కుడిచేతి వాటం అయితే వెనక ఎడమ మూలలో 14 వెడల్పు, 20 లోతు ముక్క కోసేయండి. ఆ ఖాళీలో మీ ఛాతీ ఇముడుతుంది. కుడివైపు మిగిలిన తోక మీద సంచి, కుడి మోచెయ్యి ఉంటాయి. ఎడమచేతి వాటమైతే కోత కుడి మూలలో. వార్నిష్ రెండు వైపులా వెయ్యాలి. పైన మాత్రమే వేస్తే కింది వైపు తేమ పీల్చి బల్ల వంకర తిరుగుతుంది.

[తెర మీద: ఫ్లాంజ్, పైపు, ఏటవాలు చెక్క ముక్క, ఒక్కొక్కటిగా.]

కాళ్లు: 1 అంగుళం ఇనప పైపు, రెండు కొసలా మరలున్నవి, 30 అంగుళాలవి మూడు. షాపులో రెడీగా దొరుకుతాయి. పైపులు మూడూ కలిపి 12, 13 పౌండ్లు. బల్ల, ఫ్లాంజ్‌లు (పైపు మర బిగించే ఇనప బిళ్లలు) కలిస్తే మొత్తం 35 పౌండ్ల చుట్టుపక్కల. బరువే కదా అని సన్నపైపు వాడారంటే ఊపు మొదలవుతుంది.

రెండు కాళ్లు ముందు మూలల్లో, ఒకటి తోక చివర మధ్యలో. మూడూ బయటికి 10 డిగ్రీలు వాలాలి. దానికి బల్లకీ ఫ్లాంజ్‌కీ మధ్య పెట్టేందుకు ఒకటిన్నర అంగుళం మందం చెక్కని ఏటవాలుగా కోయండి: 5.5 అంగుళాల పొడవులో ఒక కొస ఒకటిన్నర, రెండో కొస అరంగుళం. మందం కొస బల్ల మధ్యకి చూడాలి. చాలామంది దీన్ని తిప్పి బిగిస్తారు. అప్పుడు కాళ్లు లోపలికి ముడుచుకుని బెంచి కాస్త తోస్తే చాలు, పడిపోతుంది.

[తెర మీద: డ్రిల్ బిట్, ఫ్లాంజ్ రంధ్రంలోంచి పైకి.]

రంధ్రాలు ఫ్లాంజ్ వైపు నుంచే వెయ్యండి. పైనుంచి నిలువుగా వేస్తే బోల్టు ఫ్లాంజ్‌కి వంకరగా తగిలి నట్టు సరిగ్గా కూర్చోదు. ఫ్లాంజ్‌కి నాలుగు చొప్పున, పావు అంగుళం ఫ్లాట్ హెడ్ బోల్టులు పన్నెండు. తలలు చెక్కలోకి దిగిపోవాలి, లేకపోతే సంచి చిరుగుతుంది. చెక్క స్క్రూలు వద్దు. కాళ్లు తిప్పి బిగించిన ప్రతిసారీ ఆ మెలి వాటి మీదే పడి, మెల్లగా వదులైపోతాయి.

[తెర మీద: చేత్తో పైపు తిప్పుతూ.]

పైపుని చేత్తోనే గట్టిగా బిగించండి. రెంచి పెడితే సాయంత్రం ఊడదీయలేక తంటా. మట్టి పట్టిన మరని ముందు గుడ్డతో తుడవండి. లోపల ఒక్క ఇసుక రేణువున్నా సగంలో ఇరుక్కుంటుంది. కింది కొసలకి పైపు క్యాప్‌లు పెడితే మర దెబ్బతినదు. తడి నేలలో దిగబడుతుంటే ఒక్కో కాలి కింద అరచేతంత ప్లైవుడ్ ముక్క వెయ్యండి.

బెంచి ఎత్తు 31 అంగుళాల దాకా వస్తుంది. పొడుగు పొట్టి తేడా స్టూలుతో సర్దుకోవాలి, 17 నుంచి 20 అంగుళాలది. ఎడమ వెనక మూల మీద బరువు వేసి లేవకండి, దాని కింద కాలు లేదు.

కొనేవాళ్లకి: బెంచికే సీటు తగిలించి ఉన్న రకాలు, కూర్చున్న మనిషితో సహా తిరిగేవి, అమ్ముతున్నారు. ప్రెయిరీ డాగ్‌ల (బొరియల్లో ఉండే ఉడత జాతి జంతువుల) వేటలో గురి నాలుగు వైపులా మారుతుంది కాబట్టి అక్కడ సుఖం. స్కోపు జీరో చేసుకోవడానికి, అంటే గురి పెట్టిన చోటే తూటా తగిలేలా స్కోపుని సర్దుకోవడానికి మాత్రం నేను సలహా ఇవ్వను. మీరు ఊపిరి పీల్చినా, కాలు కదిపినా ఆ కదలిక బల్లకి చేరుతుంది.

[తెర మీద: బోల్ట్ తెరిచి ఉన్న రైఫిల్, స్కోపులోంచి టార్గెట్.]

సొంతంగా చేసినదైనా, కొన్నదైనా పరీక్ష ఒకటే. రైఫిల్ ఖాళీగా ఉందని చూసి, బోల్ట్ (తూటా గదిని మూసే భాగం) తెరిచి ఉంచి, కదలకుండా సంచుల మీద పెట్టండి. క్రాస్‌హెయిర్‌ని (స్కోపులో కనిపించే గురి గీతల్ని) 100 గజాల టార్గెట్ మీద నిలిపి, రైఫిల్‌ని వదిలేసి, మోచేత్తో తోకని నొక్కండి. క్రాస్‌హెయిర్ కదిలి తిరిగి అదే చోటికి వస్తే బల్ల వంగుతోంది: తోక కింద, కాలికి కాస్త ముందు, అడ్డంగా ఒక చెక్క పట్టీ బిగించండి. కదిలి అక్కడే ఆగిపోతే ఏదో ఒక కాలు నేలలో దిగింది, లేదా మర వదులుగా ఉంది.