చికిత్సకు వచ్చిన మనిషిని ఎలా లెక్కపెడుతున్నాం?
(జాతీయ గణాంక దినోత్సవ సభలో ఒక మానసిక వైద్యుడి ప్రసంగ పాఠం)

సభాధ్యక్షులకు, ప్రిన్సిపాల్ గారికి, గణాంకశాస్త్ర విభాగం అధ్యాపకులకు, విద్యార్థినీ విద్యార్థులకు నమస్కారం. నా గురించి విభాగాధిపతి గారు చాలా చెప్పారు. అందులో సగం తీసేసినా నాకు అభ్యంతరం లేదు, ఆ మిగిలే సమయం నాకు కావాలి.

గణాంకశాస్త్రవేత్త మహలనోబిస్ గారి పుట్టినరోజైన జూన్ 29ని 2007 నుంచి గణాంక దినోత్సవంగా జరుపుకుంటున్నాం. దీనికి మూడు రోజుల ముందు, జూన్ 26న, మాదకద్రవ్యాల వ్యతిరేక దినోత్సవం వస్తుంది. ఆ రోజు ర్యాలీలు తీస్తారు, ప్రతిజ్ఞలు చేయిస్తారు, ప్లకార్డుల మీద కోట్లలో అంకెలు రాస్తారు. ఆ అంకెలు ఎక్కడి నుంచి వచ్చాయని ర్యాలీలో ఎవరూ అడగరు. అడగాల్సినవారు ఈ హాల్లో కూర్చున్నారు. నేను గణాంకవేత్తను కాను. ప్రభుత్వ ఆస్పత్రి డీ-అడిక్షన్ వార్డులో పనిచేసి, నెలనెలా పైకి లెక్కలు పంపి, పదవీ విరమణ పొందినవాణ్ని. ఆ లెక్కల మీద నాకొక ఫిర్యాదు ఉంది, దాన్ని మీ దగ్గర చెప్పుకోవడానికే ఈ ఆహ్వానాన్ని ఒప్పుకున్నాను.

మన దేశంలో మద్యం, మత్తుపదార్థాల వాడకం మీద ఇటీవలి పెద్ద లెక్క 2019లో వచ్చింది. కేంద్ర సామాజిక న్యాయ మంత్రిత్వ శాఖ అడిగితే ఢిల్లీ ఎయిమ్స్‌లోని మాదకద్రవ్య వ్యసన చికిత్స జాతీయ కేంద్రం అన్ని రాష్ట్రాల్లో సర్వే చేసింది. రెండు లక్షల ఇళ్లకు వెళ్లి, పదేళ్ల నుంచి డెబ్భై ఐదేళ్ల వయసున్న 4.7 లక్షల మందికి పైగా మాట్లాడించారు. ఇంటింటి సర్వేలో దొరకని హెరాయిన్, ఇంజెక్షన్ వాడకందారులను ఒకరి ద్వారా మరొకరిని పట్టుకునే పద్ధతిలో విడిగా 70 వేల మందికి పైగా కలిశారు. దేశంలో మద్యం తాగేవారు సుమారు 16 కోట్లని, వారిలో మద్యానికి బానిసలై అది లేకుండా ఉండలేని స్థితికి చేరినవారు 2.9 కోట్లని తేలింది. నా దృష్టిలో ఆ నివేదికలో అన్నిటికంటే ముఖ్యమైన అంకె ఇంకొకటి ఉంది: అలా బానిసలైన 38 మందిలో ఒక్కరే ఏదో ఒక చికిత్స పొందారు. ఆస్పత్రిలో చేరి చికిత్స తీసుకున్నది 180 మందిలో ఒక్కరు. 2.9 కోట్లను 38తో భాగిస్తే సుమారు 7.6 లక్షలు వస్తుంది, 180తో భాగిస్తే లక్షా అరవై వేలు.

దీనికి మూడేళ్ల ముందు బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్‌హాన్స్ చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ఉంది, 2015-16 నాటిది. మద్యం వల్ల జబ్బుపడినవారిలో చికిత్స అందనివారు 86 శాతమని అది చెప్పింది. అంటే ఏడుగురిలో ఒకరికి అందింది. ఏడుగురిలో ఒకరు ఎక్కడ, ముప్పై ఎనిమిది మందిలో ఒకరు ఎక్కడ? రెండూ ప్రభుత్వ లెక్కలే, రెండూ పేరున్న సంస్థలు చేసినవే. నిమ్‌హాన్స్ సర్వే 12 రాష్ట్రాల్లో జరిగింది, వాటిలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ లేవు. ఎవరిని రోగిగా పరిగణించాలన్న నిర్వచనం వేరు, వాడిన ప్రశ్నావళి వేరు, వయసుల పరిధి వేరు. ఇలాంటి తేడాలను విడదీసి చెప్పడం మీకు పరీక్షలో ప్రశ్న కావచ్చు. నాకు మాత్రం ఇందులో మరో సంగతి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఈ రెండు అంకెలూ ఆస్పత్రుల నుంచి రాలేదు. ఇళ్లకు వెళ్లి "మీరు చికిత్స తీసుకున్నారా?" అని అడిగి రాబట్టినవి. చికిత్స చేసిన మమ్మల్ని అడిగితే సరైన జవాబు వచ్చేది కాదన్నది నా అనుభవం. ఎందుకో చెబుతాను.

మేము నెలనెలా నింపి పైకి పంపే పత్రం, అంటే ప్రొఫార్మాలో కొత్త రోగులు, పాత రోగులు, చేరినవారు, మెరుగుపడి డిశ్చార్జి అయినవారు అని గడులు ఉండేవి. మా వార్డుకు ఒక రైసుమిల్లు హమాలీ వచ్చేవాడు. మొదటిసారి ఆయన్ను తమ్ముడు తెచ్చాడు, ఓపీ చీటీ మీద ఇంటిపేరు ముందు, పేరు తరువాత రాశారు. కొన్ని నెలలకు మళ్లీ వచ్చినప్పుడు చీటీ పోయింది, కొత్త చీటీ ఇచ్చారు. ఈసారి ఇంటిపేరుకు ఒక్క పొడి అక్షరమే మిగిలింది. మూడోసారి భార్య తెచ్చింది. ఆమె ఇంట్లో పిలిచే పేరు చెప్పింది, వయసు నలభై అంది, అంతకు ముందు తమ్ముడు ముప్పై ఐదు చెప్పి ఉన్నాడు. ప్రతిసారీ ఆయన మా లెక్కలో కొత్త రోగి. ప్రతిసారీ పది పదిహేను రోజుల్లో చేతుల వణుకు తగ్గి, అన్నం సయించి, నిద్రపట్టి, మెరుగుపడినవారి గడిలో చేరి ఇంటికి వెళ్లాడు. ఆ ఏడాది మా కేంద్రం లక్ష్యాన్ని మించి పనిచేసిందని పై కార్యాలయం నుంచి మెచ్చుకోలు వచ్చింది. ఆ మెచ్చుకోలులో ఆయన వాటా ఎంతో నాకు తెలుసు.

తరువాత ఆయన ఇంట్లోనే చనిపోయాడు. ఆ సంగతి రాయడానికి ప్రొఫార్మాలో గడి లేదు. ఆస్పత్రిలో చనిపోతేనే మాకు మరణం. కొన్నాళ్లకు భార్య వచ్చింది, ఆయన మా దగ్గర వైద్యం చేయించుకున్నట్టు ఒక కాగితం కావాలంది. ఆధార్ కార్డులోని పేరు పట్టుకుని గుమాస్తా రిజిస్టర్లు తిరగేశాడు, ఆ పేరుతో ఎవరూ లేరన్నాడు. ఆమె ఆయన మంచం ఉన్న చోటు చూపించింది, మందులు ఇచ్చిన సిస్టర్‌ను పేరు పెట్టి పిలిచింది. కేస్ షీట్లలో నా చేతిరాత గుర్తుపట్టి నేను వాటిని బయటికి తీసేసరికి సాయంత్రమైంది. ముగ్గురు వేర్వేరు మనుషులుగా ఉన్న ఆ కేస్ షీట్లను పక్కపక్కన పెట్టి, వీళ్లు ఒకరేనని ఏ ఆధారంతో రాయాలని గుమాస్తా నన్ను అడిగాడు. అతని ప్రశ్నలో తప్పు లేదు. గడులను మార్చమని నేను ఆ ఏడాదీ రాశాను, ఆ తరువాతా రాశాను. ప్రొఫార్మా దేశమంతటికీ ఒకటేననీ, ఒక జిల్లా కోసం మార్చడం కుదరదనీ జవాబు వచ్చింది. దేశమంతటికీ ఒకటే అయినప్పుడు లోపం కూడా దేశమంతటికీ ఒకటే కదా అని తిరిగి రాశాను. దానికి జవాబు రాలేదు. నేను కాస్త ఎక్కువసేపు ఇక్కడే ఆగిపోయాను, క్షమించండి. కానీ ఈ సంగతి అర్థమైతే మిగిలినదంతా సులువు.

ఇది పరిష్కారం లేని సమస్య అనుకోకండి. ఆస్ట్రేలియాలో 2000-01 నుంచి ప్రభుత్వ నిధులతో నడిచే మద్యం, మాదకద్రవ్యాల చికిత్స కేంద్రాల నుంచి ఒకే నమూనాలో సమాచారం సేకరిస్తున్నారు. మొదట్లో వారూ మాలాగే రాకపోకల్నే లెక్కపెట్టారు. ఒక మనిషి మూడుసార్లు చికిత్స ముగించుకుంటే మూడు అని వేసేవారు. 2012-13 నుంచి ఒక సంకేతాన్ని చేర్చారు. ఇంటిపేరులో రెండు, మూడు, ఐదో అక్షరాలు, పేరులో రెండు, మూడో అక్షరాలు, పుట్టిన తేదీ, స్త్రీయా పురుషుడా అన్న సూచిక, అన్నీ కలిపి పద్నాలుగు స్థానాలు. దాన్ని చూసి మనిషి పేరు చెప్పలేం గానీ, మెల్‌బోర్న్‌లో చేరినవారూ తరువాత సిడ్నీలో చేరినవారూ ఒకరేనని దాదాపుగా చెప్పగలం. అప్పటి నుంచి వారి నివేదికలో చికిత్సలు ఎన్ని, మనుషులు ఎందరు అన్న రెండు అంకెలు విడివిడిగా ఉంటాయి. ఇంగ్లండ్‌లోనూ ఇలాంటి జాతీయ పర్యవేక్షణ వ్యవస్థ ఉంది. 2022-23లో అక్కడ చికిత్సలో ఉన్న వయోజనులు 2,90,635 మంది. ఎవరు ఎన్ని వారాలు ఎదురుచూశారు, ఎవరు మధ్యలో మానేశారు, ఎవరు చికిత్స ముగించి ఆరు నెలల్లోగా తిరిగి రాలేదు, చికిత్సలో ఉండగా ఎందరు చనిపోయారు అన్నవి అందులో ఉంటాయి. ఆరు నెలల్లోగా తిరిగి రాలేదన్న ఆ గడి మా దగ్గర ఉండి ఉంటే, నా హమాలీ మెరుగుపడినవారిలో ఎన్నడూ చేరి ఉండేవాడు కాదు.

మన దగ్గర సమాచారం ఎందుకు ఇంత చెల్లాచెదురుగా ఉంది? సామాజిక న్యాయ శాఖ గ్రాంటుతో స్వచ్ఛంద సంస్థలు నడిపే పునరావాస కేంద్రాలు దేశంలో మూడు వందలకు పైగా ఉన్నాయి. ప్రభుత్వ ఆస్పత్రుల్లోని వార్డులు ఆరోగ్య శాఖవి. మానసిక వైద్యశాలలు రాష్ట్రాలవి. ప్రైవేటు కేంద్రాలు వేరు, జైళ్లు వేరు. వ్యసనాన్ని మానసిక అనారోగ్యం కింద చేర్చిన 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కేంద్రాలను నమోదు చేయించుకోమంటుంది. కానీ కేంద్రం నమోదైతే రోగి లెక్క తేలినట్టు కాదు. 2004లో వెలువడిన తొలి జాతీయ నివేదిక చికిత్స కేంద్రాలకు వచ్చినవారి వివరాలను ప్రత్యేకంగా సేకరించింది, అది మంచి ఆరంభం. అయితే దానితోపాటు చేసిన ఇంటింటి సర్వేలో 12 నుంచి 60 ఏళ్ల మగవారిని మాత్రమే అడిగారు. ఆడవాళ్లను అడగలేదు.

ఆడవాళ్ల సంగతి వచ్చింది కాబట్టి తెలంగాణ గురించి ఒక మాట. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం పదిహేనేళ్లు దాటిన మగవారిలో మద్యం తాగేవారు దేశంలో 18.8 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 23.3, తెలంగాణలో 43.3. ఆడవారిలో దేశంలో 1.3 శాతమైతే తెలంగాణలో 6.7. కల్లు ఇంటి పండుగల్లోనే కాదు, రోజువారీ కూలి బతుకులోనూ భాగమైన చోట ఈ అంకె నాకు ఆశ్చర్యం కలిగించలేదు. 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో మద్యం దుకాణాలూ కల్లు దుకాణాలూ ఒకేసారి మూతపడినప్పుడు ఎర్రగడ్డ మానసిక వైద్యశాల ముందు జనం బారులు తీరారు. వణుకు, ఫిట్స్, లేనివి కనబడటం, లేని గొంతులు వినబడటం. కల్తీ కల్లులో కలిపే మత్తుమందు బిళ్లలకు అలవాటుపడినవారికి ఆ బాధ ఇంకా ఎక్కువ. ఏ సర్వే బృందమూ పోని పల్లెల నుంచి కూడా వచ్చారు. మే మొదటి వారంలో దుకాణాలు తెరిచారు, ఆ జనం చెదిరిపోయారు. వారిలో ఎవరు ఎక్కడివారో, తరువాత ఏమయ్యారో రాసిపెట్టుకుని ఉంటే, కోట్లు ఖర్చుపెట్టినా దొరకని జాబితా మన చేతికి వచ్చేది.

మద్యం లెక్కలు మనకు చేతకావని మాత్రం ఎవరూ అనలేరు. డిస్టిలరీలో నింపిన ప్రతి సీసా మూత మీదా ఎక్సైజు హోలోగ్రామ్ లేబుల్ అతికిస్తాం. అది ఏ డిపోకు వెళ్లింది, ఏ దుకాణానికి చేరింది అన్నది కంప్యూటరులో ఉంటుంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మూయించినప్పుడు, 1993 అక్టోబరులో రాష్ట్రమంతటా సారా నిషేధించినప్పుడు, 1995 జనవరి 16న సంపూర్ణ నిషేధం తెచ్చినప్పుడు, 1997లో దాన్ని ఎత్తేసినప్పుడు కూడా ఖజానాకు ఎంత నష్టం, ఎంత లాభం అన్న అంకెలు శాసనసభ నుంచి టీ కొట్టు దాకా అందరి నోళ్లలోనూ ఉన్నాయి. మానలేక వణికిపోతున్న మనుషులు ఎందరు, వారికి పడకలు ఎన్ని అన్న లెక్క ఆ చర్చల్లో నాకు వినబడలేదు. సీసాకు ఉన్న నంబరు సీసా తాగినవాడికి లేదు.

ఇప్పుడు విద్యార్థులు నా మాట శ్రద్ధగా వినాలి, ఎందుకంటే ఇక్కడి నుంచి పని మీది. ఆస్ట్రేలియా సంకేతాన్ని యథాతథంగా తెచ్చుకుంటే మన దగ్గర పనిచేయదు. లక్ష్మి అన్న పేరును ఇంగ్లిషులో ఒక గుమాస్తా 'ఎక్స్'తో రాస్తాడు, మరొకడు 'కేఎస్‌హెచ్'తో రాస్తాడు. మూడో అక్షరం దగ్గరే ఒక మనిషి ఇద్దరవుతాడు. పుట్టిన తేదీ తెలియనివారికి బడిలోనో కార్డులోనో ఏదో ఒక తేదీ వేసేశారు. ఆధార్ నంబరు తీసుకుంటే సరిపోతుంది కదా అని మీరు అనవచ్చు. గంజాయి తాగే కుర్రవాడు ఆధార్ అడిగిన చోటికి చికిత్సకు రాడు. చికిత్సకు తానే ముందుకొచ్చినవాడికి మాదకద్రవ్యాల చట్టం 64ఏ సెక్షన్ కొంత రక్షణ ఇస్తుందని చెప్పినా, ఆ తల్లిదండ్రులు నమ్మరు. మానసిక ఆరోగ్య చట్టం 23వ సెక్షన్ రోగి గోప్యతను హక్కుగా ఇచ్చింది. కాబట్టి తెలుగు పేర్లకు సరిపడే, పేరును బయటపెట్టని, గుమాస్తా చేతిరాత మారినా చెదరని సంకేతం కావాలి. ఉచ్చారణ ఆధారంగా చేయవచ్చా, తల్లి పేరులోని అక్షరాలు చేర్చవచ్చా అన్నది మీరు తేల్చాలి.

అది తేలితే ఇంకో తలుపు తెరుచుకుంటుంది. 1949లో గణాంకవేత్తలు చంద్రశేఖరన్ గారు, డెమింగ్ గారు కలిసి ప్రచురించిన పద్ధతి మీ పాఠాల్లో ఉండే ఉంటుంది. కలకత్తా దగ్గరి సింగూరు ఆరోగ్య కేంద్రం పరిధిలో జనన మరణాల రెండు జాబితాలు తీసుకుని, రెండిటిలోనూ ఉన్నవారు ఎందరో చూసి, రెండిటికీ చిక్కనివారి సంఖ్యను అంచనా వేశారు. ఈ జాతి పద్ధతులతోనే ఇంగ్లండ్‌లో హెరాయిన్ వాడేవారి సంఖ్యను అంచనా వేశారు. మన దేశంలో పుట్టిన ఆలోచనను మన రోగుల మీద వాడలేకపోతున్నది సరిపోల్చడానికి వీలైన జాబితాలు లేకనే.

మరొక గడి కూడా అడుగుతున్నాను. ఆస్ట్రేలియా లెక్కల్లో తన వాడకం కోసం వచ్చినవారితోపాటు, ఇంట్లో మరొకరి వాడకం వల్ల సాయం కోరి వచ్చినవారిని కూడా సేవ పొందినవారుగా లెక్కిస్తారు. మా వార్డు వరండాలో రాత్రంతా కూర్చునే భార్యలు, తల్లులు ఏ ప్రొఫార్మాలోనూ లేరు. జాతీయ హెల్ప్‌లైన్ 14446కు ఫోన్ చేయమని మేము చెప్పేది ఎక్కువగా వారికే.

మీ ఊళ్లో ఒక ప్రభుత్వ వార్డు, ఒక స్వచ్ఛంద సంస్థ కేంద్రం ఉన్నాయి. రెండిటికీ రిజిస్టర్లు ఉన్నాయి. ఎథిక్స్ కమిటీ అనుమతికి దరఖాస్తు నేను రాసి పెడతాను, వార్డు వారితో మాట్లాడే బాధ్యత కూడా నాదే. పేర్లు రిజిస్టరు గది దాటి బయటికి రాకుండా, సంకేతాలను అక్కడే తయారుచేసి, ఒక ఏడాది జాబితాలు రెండిటినీ సరిపోల్చే ప్రాజెక్టుకు చివరి సంవత్సరం విద్యార్థుల్లో ఎవరు ముందుకొస్తారో సభ ముగిశాక విభాగాధిపతి గారి దగ్గర పేరు ఇవ్వండి. ప్రశ్నలుంటే ఇప్పుడే అడగండి.